డబ్బంతా కొయ్యలో పెట్టకండి: బేస్ గిటార్ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బేస్ గిటార్ (పాటలో కింది స్వరాలు వాయించే లావు తీగల గిటార్) గురించినవే ఎక్కువ, అవి కూడా చాలావరకు కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే. చర్చిలో వాయించేవాళ్ళు, కాలేజీ బ్యాండ్ల పిల్లలు, పెళ్ళిళ్ళకు పోయే ఆర్కెస్ట్రా వాళ్ళు, అందరికీ ఇబ్బంది ఒకటే. నాలుగు బేస్ గిటార్లు పక్కపక్కన పెట్టి వాయించి చూసుకునే షాపు దగ్గర్లో ఉండదు. కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు, అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, కడప వాళ్ళు చెన్నైకి పోవాలి, లేదంటే ఫోటో చూసి డబ్బు పంపాలి. అందుకని జవాబులు కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను చర్చిలో బేస్ వాయిస్తాను. ఇన్నాళ్ళూ చర్చి గిటారే వాడుకున్నా, ఇప్పుడు సొంతంగా కొందామని 30 వేలు దాచిపెట్టా. ప్రెసిషన్ మోడల్ తీసుకోవాలా, జాజ్ మోడలా? యాక్టివ్ అయితేనే సౌండ్ బాగుంటుందని మా కీబోర్డ్ అన్న అంటున్నాడు. మొత్తం డబ్బు గిటార్ మీదే పెట్టేయొచ్చా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: వద్దు తమ్ముడూ, మొత్తం గిటార్ మీద పెట్టొద్దు. 30 వేలకు 30 వేలూ పెట్టి మెరిసే గిటార్ తెచ్చుకుని, దాన్ని ఇంట్లో ఏదో పాత స్పీకర్‌కి తగిలించి "ఇంతేనా" అని దిగాలు పడ్డవాళ్ళు చాలామంది. బేస్‌లో మనకు వినపడేది కొయ్య ఒక్కటే కాదు. తీగలు, సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయడం), ఆంప్, ఈ మూడూ కుదరకపోతే ఎంత పెద్ద కంపెనీ పేరైనా నిన్ను కాపాడదు. 20 వేల లోపల గిటార్ చూసుకో. మిగిలిన 10 వేలలో మంచి కేబుల్, స్ట్రాప్, గిటార్ శబ్దాన్ని మిక్సర్‌కి పంపే ఒక డిఐ బాక్స్, ఇంట్లో సాధనకు చిన్న బేస్ ఆంప్, ఒక సెట్ కొత్త తీగలు రావాలి. ఆంప్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా ఫరవాలేదు.

ఇక ప్రెసిషనా, జాజా. రెండూ ఫెండర్ కంపెనీ మొదలుపెట్టినవే, మొదటిది 1951లో, రెండోది 1960లో. ఇవాళ మార్కెట్లో ఏ కంపెనీ బేస్ చూసినా చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకదాని పోలికో, రెంటినీ కలిపిందో అయివుంటుంది. ప్రెసిషన్‌లో రెండు ముక్కలుగా ఉన్న ఒకే పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతం, రాగితీగ చుట్ట), ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. శబ్దం నిండుగా, మధ్యస్థాయి గట్టిగా ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డ్, నలభైమంది క్వయర్ మధ్యలో కూడా బేస్ ఎక్కడుందో తెలుస్తుంది. జాజ్‌లో రెండు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లు, వాటిని కలుపుకునే తీరునుబట్టి రకరకాల శబ్దాలు వస్తాయి, నెక్ కూడా నట్ (హెడ్ దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర 38 మిల్లీమీటర్లే కాబట్టి చేతికి సన్నగా తగులుతుంది. చిన్న చేతులవాళ్ళకు, వేగంగా వాయించేవాళ్ళకు అది హాయి.

అయితే నీకు నేను ప్రెసిషనే చెప్తాను, దానికి కారణం శబ్దం కన్నా కరెంటు. మన ఊళ్ళలో స్టేజీ అంటే షామియానా, జనరేటర్, ఎక్కడినుంచో లాగిన వైరు. ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలు ఒకదాని హమ్మును (కరెంటు రొదను) ఇంకొకటి కొట్టేసేలా చుట్టి ఉంటాయి. జాజ్‌లో రెండు పికప్‌లూ సమానంగా తెరిచినప్పుడే ఆ పని జరుగుతుంది. ఒకటి తగ్గించగానే "జుయ్" మని మొదలవుతుంది, ప్రార్థన మధ్యలో అందరూ నీవైపే చూస్తారు. రెండూ కావాలనుకుంటే ప్రెసిషన్ పికప్, జాజ్ పికప్ రెండూ బిగించినవి దొరుకుతాయి. యమహా టిఆర్‌బిఎక్స్ 174 అలాంటిదే. మొదటి సొంత బేస్‌గా అది నాకు బాగా నచ్చుతుంది.

యాక్టివ్ సంగతి. అందులో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ ఉంటుంది, కింది శబ్దం (బేస్), పై శబ్దం (ట్రెబుల్) గిటార్ మీదే పెంచుకోవచ్చు. మంచిదే, కానీ కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. శనివారం రాత్రి ప్రాక్టీస్ అయ్యాక జాక్ లాగడం మరిచిపోతే ఆదివారం ఆరాధనలో శబ్దం పలచబడి, చిరిగి, ఆగిపోతుంది. దాన్ని చూసుకునే ఓపిక ఉంటే తీసుకో, తప్పేం లేదు. కానీ యాక్టివ్ అయితేనే సౌండ్ బాగుంటుందన్న మాట నిజం కాదు.

డిఐ బాక్స్ ఎందుకన్నానంటే, చర్చిలో నీ శబ్దం జనాలకు వెళ్ళేది మిక్సర్ ద్వారానే. గిటార్ నుంచి మిక్సర్ దాకా మామూలు కేబుల్ లాగితే దారిలో శబ్దం నలుగుతుంది, హమ్ము ఎక్కుతుంది. డిఐ బాక్స్ దాన్ని మైక్ కేబుల్‌లో పోయేలా మార్చి పంపుతుంది. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది, హమ్ము వచ్చినప్పుడు అది నొక్కి చూడు, చాలాసార్లు అక్కడే తగ్గిపోతుంది. ఇంకొకటి, ఎవరైనా లీడ్ గిటార్ ఆంప్ ఇచ్చి ఇందులో పెట్టుకో అంటే సౌండ్ బాగా తక్కువగా ఉన్నప్పుడే పెట్టుకో. గట్టిగా పెంచితే ఆ స్పీకర్ చిరుగుతుంది. కీబోర్డ్ ఆంప్ అయితే ఫరవాలేదు.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నా. బెంగళూరులో ఒకాయన తన బేస్ అమ్ముతున్నాడు, ఫోటోల్లో కొత్తదానిలా ఉంది. ఈ ఆదివారం పోయి చూస్తా. ఏమేం చూడాలో నాకు తెలీదు, మోసపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: టెన్షన్ వద్దు, కానీ తొందర కూడా వద్దు. నీ సొంత కేబుల్ ఒకటి, క్లిప్ ట్యూనర్ ఒకటి, చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుపో. ఫోన్ ట్యూనర్‌ను నమ్ముకోవద్దు, లావు తీగ శబ్దం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఫోన్ మైక్‌కి అంత కింది శబ్దం సరిగ్గా అందదు. పగటిపూట పో. ఆంప్ ఉన్నచోటే చూపించమని ముందే అడుగు. "ఆంప్ లేదు బ్రో, పని చేస్తుందిలే" అంటే బస్సు ఎక్కకు.

గిటార్ చేతికి రాగానే వాయించకు. ముందు నెక్ చూడు. బాడీ చివర నుంచి హెడ్ వైపుకు, ఒక కన్ను మూసి, నెక్ అంచు వెంబడి చూపు పోనివ్వు. రెండు అంచులూ ఒకేలా పోవాలి. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి తిరుగుతూ కనపడితే నెక్ మెలి తిరిగిందని అర్థం, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలెయ్. తర్వాత లావు తీగను ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర, కుడి చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మధ్యలో ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడు. ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగుంది. ఏమాత్రం సందు లేకుండా తీగ ఫ్రెట్ల మీద పడుకుని ఉంటే నెక్ వెనక్కి వంగింది. రెండు మూడు కార్డులు పట్టేంత ఉంటే ముందుకు వంగింది. ఈ రెండూ నెక్ లోపలుండే ట్రస్ రాడ్ తిప్పితే సరిపోయే సమస్యలే, కానీ ఆ రాడ్ తిరుగుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అమ్మే ఆయన్నే అలెన్ కీతో పావు చుట్టు తిప్పి చూపించమని మర్యాదగా అడుగు. బిగుసుకుపోయి కదలకపోయినా, ఇప్పటికే చివరిదాకా బిగించేసి ఉన్నా కొనకు. ఆయన తిప్పనంటే ఎందుకో అడుగు, కారణం నచ్చకపోతే లేచి వచ్చెయ్.

ఇప్పుడు ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా, నెమ్మదిగా వాయించు. పాట వాయించి మురిసిపోకు. పాటలో లోపాలు దాక్కుంటాయి. ఒకచోట మాత్రమే గరగరమంటే ఏదో ఒక ఫ్రెట్ లేచింది. సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఒక స్వరం త్వరగా చచ్చిపోతుంటే భయపడకు, ఫెండర్ తరహా నెక్‌లలో అది మామూలే, ఖరీదైనవాటిలోనూ ఉంటుంది. తీగల కింద ఫ్రెట్ల మీద గాడులు పడ్డాయేమో గోరుతో తడిమి చూడు. లోతుగా ఉంటే ఫ్రెట్లు మార్చాలి, దానికయ్యే ఖర్చు చవక గిటార్‌కి గిట్టుబాటు కాదు. ట్యూనర్ పెట్టి పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటేది) ఒకసారి, నొక్కి ఒకసారి వాయించు, రెండూ ఒకే స్వరం చూపించాలి. కొంచెం తేడా ఉంటే బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే భాగం) దగ్గర స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు, అది లోపం కాదు.

కేబుల్ పెట్టాక నాబ్‌లన్నీ తిప్పు. గరగర వస్తే కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది, జాక్ వదులుగా ఉంటే టంకం పెడితే పోతుంది, వీటికి భయపడకు గానీ బేరానికి వాడుకో. స్క్రూడ్రైవర్ కొసతో పికప్‌లను మెల్లగా తట్టు, ఆంప్‌లో టక్కుటక్కుమని వినపడాలి, ఏ పికప్ మాట్లాడకపోతే అది పోయినట్టే. తర్వాత స్ట్రాప్ వేసుకుని నిలబడి రెండు చేతులూ వదిలెయ్. హెడ్ నేలవైపుకు జారిపోతుంటే, గంట వాయించేసరికి ఎడమ భుజం పట్టేస్తుందని ఇప్పుడే తెలుసుకో.

చివరగా కాగితాలు. బిల్లు ఉందా అని అడుగు, లేకపోతే ఎక్కడ కొన్నాడో, ఎప్పుడు కొన్నాడో అడుగు. మాట తడబడితే దొంగ సరుకు కావచ్చు. హెడ్ మీద ఫెండర్ అని ఉన్నంత మాత్రాన ఫెండర్ కాదు, ఆ స్టిక్కర్ ఎవరైనా అతికించగలరు. సీరియల్ నంబర్‌ను కంపెనీ సైట్లో కొట్టి చూసుకో. చూసేదాకా అడ్వాన్స్ మాత్రం పంపకు. "ఇంకొకరు అడుగుతున్నారు, ఐదు వేలు వెయ్యి, ఆపుతా" అన్నా సరే. ఆ గిటార్ పోతే పోయింది, బెంగళూరులో ఇంకొకటి దొరుకుతుంది.

ప్రశ్న: నాలుగు తీగలదా, ఐదు తీగలదా? మాది పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా. (ఒక పాఠకుడు, కడప)

జవాబు: ఆర్కెస్ట్రా అయితే ఐదు తీగలదే మేలు. కారణం మీకూ తెలుసు. గాయకుడు స్టేజీ ఎక్కి "గొంతు బాలేదు, ఒకటి శృతికి దించండి" అంటాడు. కీబోర్డ్ ఆయన ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేసి కూర్చుంటాడు. బేస్‌కి ఆ బటన్ లేదు. నాలుగు తీగల్లో కింది సి, డి స్వరాలు ఉండవు, అక్కడికి రాగానే పై స్థాయికి ఎగరాలి, పాట బరువు పోతుంది. ఐదో తీగ ఉంటే అక్కడే ఉండొచ్చు. అయితే ఆ తీగ శబ్దం దాదాపు 31 హెర్ట్జ్, చిన్న ఆంప్‌లు దాన్ని పలికించలేవు, బుడగలు పగిలినట్టు వినపడుతుంది. పెద్ద స్పీకర్లున్న సౌండ్ సిస్టమ్ వాళ్ళతో పనిచేసేటప్పుడే దాని విలువ తెలుస్తుంది. అప్పుడప్పుడే అవసరమైతే నాలుగు తీగలదానిలోనే లావు తీగను డి దాకా దించి వాడుకోండి. ఏది కొన్నా, కీబోర్డ్ ఆయన ఎడమచెయ్యి కింద స్వరాలు వాయించడం ఆపకపోతే మీ బేస్ ఎవరికీ వినపడదు. ఆ మాట ఆయనతో ముందే అనుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్ళు, బేస్ గిటార్ కావాలని ఏడాదిగా అడుగుతోంది. షాపులో చూస్తే అది ఆమె కంటే పొడుగ్గా అనిపించింది. ఆడపిల్ల చేతులకు సరిపడుతుందా? ముందు మామూలు గిటార్ నేర్పించమంటారా? (ఒక తండ్రి, ప్రొద్దుటూరు)

జవాబు: ఏడాదిగా అడుగుతోందంటే ఇష్టం గట్టిదే, బేసే నేర్పించండి సార్. మామూలు గిటార్ ముందు నేర్చుకోవాలన్న నియమం ఏమీ లేదు. ఇక ఆడపిల్ల చేతుల మాట పక్కన పెట్టండి. ముంబైకి చెందిన మోహినీ దే చిన్నప్పుడే బేస్ పట్టుకుని, రెహమాన్‌తో సహా ఎందరితోనో వాయించింది. ఆమెకు నేర్పింది వాళ్ళ నాన్నే.

మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు. 30 అంగుళాలవి కూడా ఉంటాయి, వాటిని షార్ట్ స్కేల్ అంటారు. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ చేతిలో కనపడే హాఫ్నర్ బేస్ అలాంటిదే, కాబట్టి దాన్ని పిల్లల బొమ్మ అనుకోకండి. స్క్వయర్ బ్రాంకో 30 అంగుళాలది, ఐబనెజ్ మైక్రో ఇంకా చిన్నది, 28.6 అంగుళాలు. మరీ చిన్నదానిలో లావు తీగ కొంచెం వదులుగా ఊగుతుంది, అందుకని నా ఓటు 30కే. అయినా ముందు అమ్మాయిని తీసుకెళ్ళి 34 అంగుళాలది కూడా కూర్చోబెట్టి పట్టుకోమనండి. కింది ఫ్రెట్లలో నాలుగు వేళ్ళూ నాలుగు ఫ్రెట్ల మీద పెట్టక్కర్లేదు, మూడు ఫ్రెట్లకు సర్ది చెయ్యి జరుపుకుంటూ వాయించే పద్ధతి ఉంది, మంచి మాస్టారు అదే ముందు నేర్పిస్తారు. మణికట్టు నొప్పి అంటే మాత్రం "అలవాటవుతుందిలే" అని సర్దిచెప్పకండి, వెంటనే ఆపించండి.

ప్రశ్న: నా దగ్గర ఐబనెజ్ జిఎస్ఆర్ 200 ఉంది, కొని నాలుగేళ్ళు. ఎండాకాలం నుంచి కింది ఫ్రెట్లలో బజ్ వస్తోంది, ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకుంటున్నాయి. అమ్మేద్దామనుకుంటున్నా. బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? పికప్ మార్చి అమ్మితే ఎక్కువ వస్తుందా? పంపాల్సి వస్తే ఎలా? (ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: మీ గిటార్ పాడవలేదు సార్, ఎండిపోయింది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమే ఉండదు. కొయ్య ఆరి కుంచించుకుపోతుంది, ఫ్రెట్లు లోహంవి కాబట్టి అవి కుంచించుకుపోవు, అందుకే అంచులు బయటికి పొడుచుకొస్తాయి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే బజ్ అంటున్నారు కాబట్టి నెక్ మరీ తిన్నగా అయిపోయింది, బహుశా కొంచెం వెనక్కి కూడా వంగివుంటుంది. సరిగ్గా పట్టే అలెన్ కీతో ట్రస్ రాడ్‌ను ఎడమవైపుకు, గడియారానికి ఎదురు దిక్కులో, పావు చుట్టుకు మించకుండా వదులు చేయండి. మళ్ళీ ట్యూన్ చేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున చూసుకుని ఇంకా కావాలంటే ఇంకొంచెం. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పారంటే పని పెరుగుతుంది. ఫ్రెట్ అంచులకు సన్న ఆకురాయి పెట్టి రుద్దడం మీకు అలవాటు లేకపోతే కర్నూలులోనో హైదరాబాదులోనో గిటార్ రిపేరు చేసేవాళ్ళకు ఇవ్వండి, మామూలు వడ్రంగికి వద్దు. ఫ్రెట్ బోర్డు నల్ల కొయ్యది కాబట్టి తీగలు తీసినప్పుడు నాలుగు చుక్కల లెమన్ ఆయిల్ రాసి తుడవండి. లేత రంగులో మెరిసే మేపుల్ బోర్డు అయితే రాయకూడదు.

బాగు చేయించే అమ్మండి. సెటప్, కొత్త తీగలు, తుడిచిన బోర్డు, ఈ మూడింటికి పెట్టింది వెనక్కి వస్తుంది. పికప్ మార్చడానికి పెట్టింది రాదు. కొనేవాడికి మీ అభిరుచి అక్కర్లేదు, కంపెనీ నుంచి వచ్చినట్టే కావాలి. ఇప్పటికే ఏదైనా మార్చి ఉంటే పాత భాగాలు కూడా ఇస్తానని రాయండి. రంగు మాత్రం వేయించకండి.

ధర మీరు కొన్న రేటునుబట్టి కాదు, ఇవాళ కొత్తది ఎంతకు దొరుకుతోందో చూసి అందులో 60 శాతం అటూ ఇటూ అడగడం న్యాయం అని నా అభిప్రాయం. కవరు, కేబుల్ కలిపి ఇస్తే త్వరగా పోతుంది. ఫోటోలు ఇంటి బయట నీడలో తీయండి. ముందు, వెనక, హెడ్ వెనక, ఫ్రెట్లు దగ్గరగా, దెబ్బలు ఇంకా దగ్గరగా. ఎండాకాలంలో బజ్ వచ్చిందని, సెటప్ చేయించానని కూడా రాసేయండి. దాచి అమ్మితే కొన్నవాడు రాత్రికే ఫోన్ చేస్తాడు. నిజం రాసిన ప్రకటన చూసి వచ్చినవాడు ఎక్కువ బేరం కూడా ఆడడు.

పంపాల్సివస్తే తీగలు రెండు మూడు స్వరాలు దించండి, పూర్తిగా విప్పొద్దు. తీగలకూ ఫ్రెట్లకూ మధ్య మెత్తటి గుడ్డ పెట్టండి. దారిలో దెబ్బ తగిలేది ఎక్కువగా హెడ్ దగ్గరే, కాబట్టి హెడ్ కింద, మెడ చుట్టూ గుడ్డలు కుక్కి అది అట్టపెట్టెలో కదలకుండా చేయండి. పెట్టె ఊపితే లోపల ఏమీ కదలకూడదు. యాక్టివ్ సర్క్యూట్ ఉంది కాబట్టి బ్యాటరీ తీసేయండి. ఆర్టీసీ కార్గోలో పంపేట్లయితే ఇంటి దగ్గర ప్యాక్ చేసేటప్పుడే వీడియో తీసి కొన్నాయనకు పంపండి, రేపు మాట తేడా రాకుండా ఉంటుంది. వీలైతే మాత్రం కొనేవాడినే ఆదోనికి రమ్మనండి, వాయించి చూసుకుని తీసుకుపోతాడు.

ప్రశ్న: మా జిల్లాలో ఎర్రచందనం ఉంది కదా, దానితో బేస్ బాడీ చేయిస్తే ప్రపంచంలో ఎక్కడా లేని గిటార్ అవుతుంది. తెలిసిన ఆచారి ఉన్నాడు. ఎలా చేయించాలి? (ఒక పాఠకుడు, రాజంపేట)

జవాబు: ఆ ఆలోచన మానుకో తమ్ముడూ. అటవీ శాఖ అనుమతి పత్రాలు లేకుండా ఎర్రచందనం దుంగ ఇంట్లో ఉంటేనే జైలు. శేషాచలం, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప సహజంగా పెద్దగా పెరగని చెట్టు అది, అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) ఆంక్షలున్నాయి. జపాన్‌లో షామిసెన్ వాద్యాలకు వాడతారన్నది నిజమే, దాని మీద ఉన్న గిరాకీ అడవిని ఎంత ఖాళీ చేసిందో మీ వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పైగా నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు, మామూలు బేసే నాలుగు కిలోల దగ్గర ఉంటుంది, దానితో బాడీ చేస్తే భుజం మీద మోయలేవు.

ఆచారి చేత చేయించాలన్న కోరిక మంచిది. కంపెనీలు ఆల్డర్, ఆష్, పాప్లర్, బాస్‌వుడ్ వాడతాయి, మనకు బాగా ఆరిన మహాగని, లేదా తేలికపాటి టేకు సరిపోతుంది. ఆరిన అన్న మాట మరిచిపోకు, పచ్చి కొయ్య ఏడాదికే వంకరపోతుంది. నెక్ మాత్రం తయారైనది కొనుక్కో, ఫ్రెట్ల లెక్క మిల్లీమీటరు తప్పినా ఏ స్వరమూ శృతిలో పలకదు. బ్రిడ్జి బిగించేటప్పుడు టేపు పెట్టి నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలువు, 34 అంగుళాల స్కేల్ అయితే సరిగ్గా 17 రావాలి. అక్కడినుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్ దాకా ఇంకో 17, లావు తీగ వైపు కొంచెం ఎక్కువ. శాడిల్ ముందుకూ వెనక్కూ జరగడానికి చోటు ఉంచి బిగించమని ఆచారికి చెప్పు, కొలత రాసిన కాగితం చేతికిచ్చి, రంధ్రం వేసేటప్పుడు పక్కనే ఉండు.